పిల్లి ఇంటిపేరు

దువ్వెన ఎప్పుడూ కుదురు దగ్గర పెట్టకూడదు, కొస దగ్గర పెట్టాలి. కొసన ఉన్న చిక్కు తీసి, వేలెడు పైకి జరిగి, అక్కడి చిక్కు తీసి, మళ్లీ వేలెడు పైకి. ఈ సంగతి ఆమెకు మబ్బు నేర్పింది, అదీ ముంజేతి మీద మూడు గీతలు గీసి మరీ నేర్పింది. పొద్దున్న ఏడింటికి వరండాలో పీట వేసుకుని, ఒళ్లో పాత తువ్వాలు పరిచి, ఆ బూడిదరంగు పర్షియన్ పిల్లిని వెల్లకిలా పడుకోబెట్టి చంకల కింద దువ్వుతూ ఉంటుంది. అక్కడ ఒక్క రోజు వదిలేస్తే బొచ్చు ఉండ కడుతుంది. రెండు రోజులు వదిలేస్తే కత్తెరే గతి.

"ఏమోయ్, ఆ దువ్వెన మా మీద కూడా కాస్త పడకూడదూ?" అన్నాడు భర్త, పేపరు దించకుండా. ఆయన తల మీద దువ్వడానికి ఏమంత మిగల్లేదు, అది వేరే సంగతి.

"నీళ్లు పొయ్యి మీద ఉన్నాయండీ, రెండు నిమిషాలు."

"నేను టీ అడిగానా? పిల్లికున్న యోగం మనిషికి లేదంటున్నా, అంతే."

టీ అడిగినట్టే. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆయన ఏదీ నేరుగా అడిగిన పాపాన పోలేదు. టీ కావాలంటే యోగం గురించి మాట్లాడతాడు, చొక్కా ఇస్త్రీ కావాలంటే వాతావరణం గురించి మాట్లాడతాడు. అర్థం చేసుకుని లేవడం ఆమె వంతు. అర్థం కాకపోతే "నేనేం అడిగానని?" అంటాడు, అదీ నిజమే. ఆమె లేచి టీ పోసి ఇచ్చి, అత్తగారి మాత్రలు తీసి పెట్టి, మళ్లీ పీట మీదికి వచ్చింది.

కానీ ఆ ఉదయం ఆమె మనసు టీ మీదా లేదు, దువ్వెన మీదా లేదు. లోపల బీరువాలో బట్టల మడతల కింద ఒక ఫారం ఉంది. అందులో మూడు గళ్లు ఖాళీగా ఉన్నాయి. శుక్రవారం లోపల ఆ మూడు గళ్లలో మూడు పేర్లు రాసి పంపాలి.

ఈ పిల్లుల గొడవంతా ఎలా మొదలైందో చెప్పాలంటే ముందు దుకాణం సంగతి చెప్పుకోవాలి. వాళ్లది టైల్స్ షాపు. బోర్డు మీద మామగారు రాయించిన రెండక్షరాల ఇంటిపేరు, పక్కన "అండ్ సన్స్" అని. ఆ సన్స్ ఎంతమంది అంటే ఒక్కడే, ఆయనే. ఆయనకి పుట్టింది ఒక్క కూతురు, అదీ హాస్టల్లో చదువుకుంటోంది. బోర్డు మాత్రం బహువచనం వదల్లేదు. పదింటి నుంచి రెండింటి దాకా ఆ బోర్డు కింద కూర్చునేది ఆమె. ఒకే నంబరు ఉన్న టైలు రెండు విడతల్లో వస్తే రంగులో వెంట్రుకవాసి తేడా ఉంటుంది, అది పెట్టెలు మోసేవాళ్లకీ తెలియదు, భర్తకీ తెలియదు, ఆమెకి తెలుస్తుంది. ఆమె వద్దన్న పెట్టె పరిచిన ఇల్లేదీ బాగుపడలేదు. అయినా కొనడానికి వచ్చినవాళ్లు లోపలికి తొంగి చూసి "సార్ లేరా?" అంటారు. "సార్ వచ్చాక మాట్లాడదాంలెండి" అని బయట నిలబడతారు. భర్త వచ్చి "మా ఆవిడ, ఖాళీగా ఉంటుందని కూర్చోబెట్టాను" అని పరిచయం చేస్తాడు.

ఖాళీ! ఆ మాట ఆమె ఎన్నిసార్లు విందో. అత్తగారికి కళ్ల డాక్టరు దగ్గరికి తోడెవరు? నువ్వు ఖాళీయేగా. ప్లంబరు వస్తే ఇంట్లో ఉండేదెవరు? నువ్వు ఖాళీయేగా. అందరి పనులూ కూరి పెట్టగా మిగిలిన సందు ఏదైతే ఉందో దానికి ఆ ఇంట్లో ఖాళీ అని పేరు.

అలాంటి ఖాళీలోకి మబ్బు వచ్చింది. ఇల్లు కట్టుకున్న ఒక ఖాతాదారుకి హఠాత్తుగా బదిలీ అయింది. "నాలుగు రోజులు ఉంచండి" అని పిల్లినీ, ఒక పంజరాన్నీ, ఒక ప్లాస్టిక్ కవరునీ షాపులో దించి వెళ్లాడు. నెల తర్వాత ఫోన్ చేసి "మీరే ఉంచేసుకోండి" అన్నాడు. "మా నాన్నని పిల్లికి బిచ్చం పెట్టడనేవారు. నేను ఏకంగా పిల్లినే మేపుతున్నా" అని భర్త నలుగురికీ చెప్పి నవ్వాడు. మేపుతున్నది ఎవరో పిల్లికి తెలుసు, అది ఆయన ఒళ్లోకి ఒక్కరోజూ ఎక్కలేదు.

ప్లాస్టిక్ కవరులో ఒక పత్రం ఉంది. పైన మబ్బు అసలు పేరు: మంచుకోన మేఘమాల. కింద తల్లి, తండ్రి, అమ్మమ్మలు, తాతలు, ముత్తాతలు, కొమ్మలు కొమ్మలుగా. ఆమెకి తన ముత్తాత పేరు తెలియదు, పిల్లికి తెలుసు! అడుగున ఒక ఫోన్ నంబరు ఉంటే చేసింది. ఎత్తింది ఒక పెద్దావిడ, లెక్కల టీచరుగా చేసి రిటైరయింది. మబ్బు ఆవిడ ఇంట్లోనే పుట్టిందట.

"తీసుకురామ్మా, చూస్తాను. మా ఇంట్లో తొమ్మిది ఉన్నాయి. పిల్లి వాసన వస్తే మొహమాటపడకుండా చెప్పు, నాకు చెప్పేవాళ్లు లేరు" అంది టీచరమ్మ.

వాసన రాలేదు. టీచరమ్మ మబ్బుని బల్ల మీద నిలబెట్టి, బొచ్చులోకి ఉఫ్ అని ఊది, కుదురు రంగూ కొస రంగూ చూసింది. ఆమె కూడా వంగి చూసి, "నడుం దగ్గర రంగు ఒక పిసరు లేతగా ఉందండీ" అంది. టీచరమ్మ కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూసింది. "ఇది కనిపెట్టడానికి నాకు ఆరేళ్లు పట్టింది. నువ్వెక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. ఆ వయసులో, అంత చిన్న మాటకి, ఆమెకి ఏడుపొచ్చినంత పనైంది. టైల్స్ షాపులో అని చెప్పింది.

ఆ రోజే అడిగింది, ఆ పత్రంలో కొన్ని పేర్ల ముందు మంచుకోన అనీ, కొన్నింటి ముందు వేరే ఏదో అనీ ఎందుకుందని. "అది ఇంటిపేరమ్మా. పిల్లుల్ని పుట్టించే ప్రతి ఇంటికీ ఒక పేరు రిజిస్టరు చేయించుకోవాలి. మేమైతే క్యాటరీ పేరంటాం. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి కూనకీ ముందు ఆ పేరే. తర్వాత దాన్ని ఎవరు కొనుక్కుపోనీ, ఎన్ని చేతులు మారనీ, ఇంటిపేరు మారదు. మార్చడానికి వీల్లేదు, రూలు. మేఘమాల ఇప్పుడు మీ ఇంట్లో ఉంది, చచ్చిపోయేదాకా మీ ఇంట్లోనే ఉండొచ్చు. అయినా అది మంచుకోన పిల్లే" అంది టీచరమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒళ్లో పంజరం పెట్టుకుని ఆమె చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పెళ్లికి ముందు ఆమె ఇంటిపేరు నాలుగక్షరాలది. మధ్యలో ఒక వత్తు. బడిలో హాజరు పిలిచేటప్పుడు కొత్త టీచర్లందరూ ఆ వత్తు దగ్గర తడబడేవాళ్లు, తరగతంతా నవ్వేది, ఆమె లేచి నిలబడి సరిగ్గా పలికి చూపించేది. అంత గొప్ప పేరేం కాదు. వాళ్ల నాన్న తాళాలు బాగుచేసేవాడు, ఆయన కొట్టు మీద ఆ పేరు వంకరగా రాసి ఉండేది. కానీ తనది. పెళ్లయిన మూడో వారంలో మామగారు కాగితాలు తెచ్చి ముందు పెట్టారు. "మా పేరు రెండక్షరాలే అమ్మాయ్, సంతకం చిటికెలో అయిపోతుంది. నీకే సుఖం" అన్నారు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. పేరు పోయినందుకు కాదు గానీ, ఆ రోజు తాను నవ్వినందుకు ఆమెకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఒళ్లోని పంజరంలో ముంగిలా పడుకున్న పిల్లిని చూసి ఆమె కుళ్లుకుంది. ఎవరికి చెబితే నమ్ముతారు, మనిషి పిల్లిని చూసి కుళ్లుకుందంటే!

మరుసటి ఏడు మబ్బుని ప్రదర్శనకి తీసుకెళ్లింది. ముందురోజంతా స్నానం: ఒకసారి జిడ్డు వదలడానికి, రెండోసారి శుభ్రానికి, మూడోసారి మెరుపుకి, ఆ తర్వాత రెండు గంటలు డ్రయ్యరు పట్టుకుని ఒక్కొక్క పాయా విడదీస్తూ ఆరబెట్టడం. పెద్ద హాల్లో వరసగా పంజరాలు, నంబర్లు, ప్రతి పిల్లి తర్వాతా బల్ల తుడిచే మనిషి. తెల్లకోటు వేసుకున్న జడ్జి మబ్బుని పైకెత్తి, రాగిరంగు కళ్లలోకి చూసి, బొచ్చులోకి ఊది, కిందికి దించి, ఆమె వంక చూసి తలాడించాడు. "తయారుచేసింది మీరేనా?" అన్నాడు. సార్ లేరా అనలేదు. మబ్బుకి పెద్ద నీలం రిబ్బను వచ్చింది.

రిబ్బనుతో ఫోటో షాపు గోడకెక్కింది. "మా పిల్లే. మేమే తయారుచేశాం" అని భర్త వచ్చినవాళ్లకి చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మేము ఎవరో ఆమె అడగలేదు. ఆ మాత్రం సంతోషం ఆయనకీ ఉండనీ అనుకుంది. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట నిజంగానే చెప్పుకోవాలి. చెడ్డవాడైతే ఇంత ఆలోచించాల్సిన పనే లేకపోయేది.

తర్వాత టీచరమ్మ దగ్గరున్న మగపిల్లితో జత కట్టించారు. అరవై అయిదో రోజు మధ్యాహ్నం, బీరువా అడుగు అరలో, పాత కర్టెన్ల మీద మబ్బు ఈనింది. మూడు కూనలు. మూడోది పొర విడిపోయినా కదల్లేదు. ఆమె తువ్వాలుతో రుద్దుతూనే ఉంది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి "దరిద్రం, బీరువాలో పురుడా!" అని సణుగుతున్న అత్తగారు కర్ర పక్కన పెట్టి, "తల కిందికి పట్టుకోవే! ముక్కులో నీళ్లు దిగాలి" అని అరిచింది. పట్టుకుంది. కాసేపటికి అది కీచుమంది. మీగడరంగులో ఉన్న ఆ కూనకి పిండి అని ముద్దుపేరు పెట్టింది. రోజూ పొద్దున్నే వంటింటి కాటా మీద మూడింటినీ తూచి రాసుకునేది. మబ్బు వాటిని నోట కరుచుకుని బీరువాలోంచి మంచం కిందికీ, మంచం కింద నుంచి బట్టల బుట్టలోకీ తిప్పుతుంటే, "పిల్లి పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు, ఇది ఒక్క ఇంట్లోనే ఏడిళ్లు తిప్పుతోంది" అంది అత్తగారు. తిట్టిందో మెచ్చుకుందో తెలియలేదు.

నాలుగో నెల నిండాక టీచరమ్మ పిండి బొచ్చులోకి మూడు చోట్ల ఊది చూసింది. "ఇలాంటిది నా చేతుల్లో పుట్టలేదు" అంది చివరికి. "ఈ నెలాఖరు ప్రదర్శనకి దీన్ని పెట్టాలి. ఎనిమిది నెలల్లోపు కూనలది వేరే వరస. తర్వాతి ప్రదర్శన ఆరు నెలలకి గానీ రాదు, అప్పటికి ఇది పెద్దవాటిలో పడిపోతుంది. ముందు నీ క్యాటరీ పేరు రిజిస్టరు చేయించు. ఫారంలో మూడు గళ్లుంటాయి, మూడు పేర్లు రాయాలి. మొదటిది ఇదివరకే ఎవరికైనా ఉంటే రెండోది ఇస్తారు, అదీ లేకపోతే మూడోది. ఒకసారి ఇచ్చాక మార్చరు. జాగ్రత్తగా రాయి."

రాత్రి భోజనాల దగ్గర భర్తకి చెబితే ఆయన ఎగిరి గంతేశాడు. "ఇంకేం, మన పేరు పెట్టెయ్! షాపుకి ప్రచారం కూడా. అండ్ సన్స్ కూడా తగిలిద్దామా?" అని ఆయనే నవ్వాడు.

"ఆలోచిస్తానండీ."

"ఆలోచించేదేముంది ఇందులో? మన ఇంట్లో పుట్టాయి, మన ఇంటిపేరు. ఏ ఇంట్లో పుడితే ఆ ఇంటిపేరు. చిన్నపిల్లాడిని అడిగినా చెబుతాడు."

ఏ ఇంట్లో పుడితే ఆ ఇంటిపేరు. ఎంత తేలిగ్గా అనేశాడు! ఆమె గిన్నెలు తీస్తూ ఆ మాటని లోపల అటూ ఇటూ తిప్పి చూసింది. ఎక్కడా తప్పు లేదు. మరి నేనెక్కడ పుట్టానండీ అని నోటిదాకా వచ్చింది, గిన్నెలు సింకులో పెట్టి కుళాయి తిప్పింది.

ఆ వారమే ఫారం వచ్చింది. షాపులో ఎవరూ లేనప్పుడు ఫారం ముందు పెట్టుకుని పెన్ను తీసింది. కళ్లు గుమ్మం వైపు ఉన్నాయి, చేయి దాని పని అది చేసుకుపోయింది. చూసుకునేసరికి మొదటి గడిలో రెండక్షరాలు ఉన్నాయి. సరుకు దించుకున్న ప్రతిసారీ, పార్సిల్ అందుకున్న ప్రతిసారీ, కూతురి బడి కాగితాల మీదా, ఇరవై రెండేళ్లు రాసిన రెండక్షరాలు. మామగారు చెప్పినట్టే చిటికెలో అయిపోయింది. ఆమెకి భయం వేసింది. ఎవరూ బలవంతం చేయలేదు, ఎదురుగా ఎవరూ లేరు, తన చెయ్యే రాసేసింది. కొట్టివేతలున్న ఫారం తీసుకోరు. చింపేసి, టీచరమ్మకి ఫోన్ చేసి ఇంకొకటి తెప్పించుకుంది. అదే ఇప్పుడు బీరువాలో ఉన్నది.

ఆ ఉదయం మబ్బుని దువ్వడం అయ్యాక ఆమె లోపలికి వెళ్లింది. అత్తగారు వంటింట్లో కూర్చుని బఠాణీలు వలుస్తోంది. ఆమె కూడా ఎదురుగా కూర్చుని ఒక గుప్పెడు కాయలు తీసుకుంది.

"అత్తయ్యా, మీ పుట్టింటి పేరేంటి?"

"ఇప్పుడెందుకే?"

"ఊరికే."

"మా పుట్టింటి పేరా..." అంది అత్తగారు. వేలు కాయ మీదే ఆగిపోయింది. "మా నాన్న రైల్లో టికెట్లు చూసేవాడు. ఇంటి ముందు ఆకుపచ్చ గేటుండేది. మేం నలుగురం. పేరు... ఉండు. నాలిక మీదే ఉంది."

రాలేదు. మధ్యాహ్నం భోజనం దగ్గర రాలేదు. సాయంత్రం టీవీ పెట్టుకుని కూడా చూడలేదు. "అదేమిటే, ఆ గేటు రంగు గుర్తుంది, పేరు గుర్తులేకపోవడమేమిటి?" అని తన మీద తనే విసుక్కుంది. తర్వాత కోడలి మీద విసుక్కుంది: "హాయిగా ఉన్నదాన్ని పట్టుకుని అడిగావు!" ఆమెకి తప్పు చేసినట్టనిపించి, కూనల గిన్నెలు కడుగుతూ ఉండిపోయింది. అంతలో స్నానాల గదిలోంచి పెద్ద కేక. పడిపోయిందేమోనని పరిగెత్తింది. అత్తగారు తలుపు సందులోంచి తడి మొహం బయటికి పెట్టి, ఆ పేరు చెప్పింది. ఎవరో తన్నుకుపోతారన్నట్టు వెంటనే రెండోసారి చెప్పింది.

"బాగుంది అత్తయ్యా పేరు."

"అరవై ఏళ్లయిందే. ఒక్కరూ అడగలేదు" అంది అత్తగారు. ఇంకేదో అనబోయి, తువ్వాలు ఇమ్మంది.

ఆమె తువ్వాలు అందించి, తిన్నగా బీరువా దగ్గరికి వెళ్లి ఫారం తీసింది. ఈసారి కళ్లు కాగితం మీదే ఉంచి, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ రాసింది. వత్తు దగ్గర చెయ్యి కాస్త తడబడింది, బడిలో కొత్త టీచర్ల లాగే. మొదటి గడి అయ్యాక రెండో గడి చూసింది. తర్వాత మూడోది. కింద సంతకం మాత్రం ఇప్పుడున్న పేరుతోనే చేసింది, జతచేసే గుర్తింపు కాగితాలన్నీ ఆ పేరు మీదే ఉన్నాయి మరి. మర్నాడు పొద్దున్నే పోస్టులో వేసేసింది. "పంపావా?" అని భర్త అడిగితే పంపానంది. ఏ పేరని ఆయన అడగలేదు. అడగాల్సిన అవసరం ఆయనకి కనిపించలేదు.

వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. షాపులో భర్త ఒకాయనకి నేల నమూనాలు చూపిస్తున్నాడు. ఫోన్ చేసింది రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తా, మంచి మనిషిలాగే ఉన్నాడు.

"మేడం, మీ ఫారంలో మూడు గళ్లలోనూ ఒకే పేరుంది. పొరపాటు పడ్డట్టున్నారు. దానికి దగ్గరగా ఇంకో పేరుంది, ఆ పేరు ఖాళీగా ఉందో లేదో పైవాళ్లు తేల్చాలి. ఉంటే సరే, లేకపోతే ఫారం వెనక్కొచ్చేస్తుంది, మీ కూన ఈసారి ప్రదర్శనకి అందదు. మంచి కూన అని విన్నాను. ఎందుకండీ రిస్కు? రెండోదీ మూడోదీ చెప్పండి, నేనే దిద్దేస్తాను."

ఆమెకి పిండి కళ్లముందు మెదిలింది. దాని మీగడరంగు, నడుం దగ్గర కూడా ఎక్కడా లేతబడని రంగు. ఇలాంటిది మళ్లీ పుడుతుందో లేదో.

"పోనీ మీవారి ఇంటిపేరు రాయమంటారా?" అన్నాడు గుమాస్తా. "మీ సంతకంలో ఉందిగా. అదైతే ఎవరికీ లేదు, ఇప్పుడే చూశాను."

గొంతు పెద్దది, షాపంతా వినబడింది. భర్త నమూనా పలక చేత్తో పట్టుకునే ఇటు తిరిగాడు. ఏం అర్థమైందో, ఎంత అర్థమైందో, నుదురు ముడిచి, రాయమను అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆమె ఆయన్నే చూస్తూ, మెల్లగా, మర్యాదగా గుమాస్తాకి చెప్పింది.

"వద్దండీ. పేరు ఒకసారి మార్చుకున్నాను. ఇంక మార్చను."